నీళ్ళక్క నీళ్ళు పొయ్యని రోజు

"నీళ్ళు పోసినందుకు కూడా డబ్బులా?"

పదకొండేళ్ళ కిందట గుర్రపుశాల యజమాని ఆమెతో అన్న మొదటి మాట ఇదే. అప్పటికి వరసగా నాలుగు రోజులు ఆమె ఒక గుర్రం కాలి గాయానికి పూటకు పావుగంట చొప్పున నీళ్ళు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం కూలి కోసం ఆఫీసు గది గుమ్మంలో నిలబడింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తి, ఆ ప్రశ్న వేసి, మళ్ళీ తల దించుకున్నాడు.

ఆమె వాదించలేదు. "రేపు పొద్దున మీరే వచ్చి పొయ్యండి సార్. పావుగంట పోస్తే నాకేమీ ఇవ్వక్కర్లేదు," అంది.

ఆయనకు పంతం ఎక్కువ. వచ్చాడు, అదీ కొత్త తోలు బూట్లతో. ఆమె రబ్బరు పైపు చేతికిచ్చి చెప్పింది: "గాయం మీద కాదు సార్, గాయానికి జానెడు పైన. ధార గట్టిగా ఉండకూడదు. మధ్యలో ఆపకూడదు." రెండో నిమిషంలో గుర్రం కాలు తీసి పక్కన పెట్టింది. ఆయన పైపు పట్టుకుని దాని వెంట జరిగాడు. నాలుగో నిమిషంలో ఫోను మోగింది. ఆరో నిమిషంలో ఎడమ బూటు నిండింది. ఏడో నిమిషంలో పైపు ఆమె చేతికిచ్చి, గుమాస్తాను పిలిచి, నాలుగు రోజుల కూలి ఇచ్చెయ్యమన్నాడు. బూట్లు ఆరేలోపు ఆమెకు ఆ శాలలో పని ఖాయమైంది. పేరు కూడా ఖాయమైంది. ఆనాటి నుంచి అందరికీ ఆమె నీళ్ళక్క.

గుర్రాల గురించి రాసేవాళ్ళకు ఒక జబ్బు ఉంది. గుర్రం కళ్ళలోకి చూస్తారు. అక్కడ వాళ్ళకు ఏదో లోతు, ఏదో మూగ స్నేహం కనిపిస్తుంది. నీళ్ళక్క గుర్రం కళ్ళలోకి చూడదు. చెవులు చూస్తుంది. చెవులు వెనక్కి వాలితే ఒక అడుగు పక్కకు జరుగుతుంది. స్వారీ నేర్చుకునే ఒక పెద్దింటావిడ ఓసారి మురిపెంగా, "మీకు గుర్రాలంటే ప్రాణం కదూ?" అని అడిగింది. "ప్రాణం నాకొక్కటే ఉందమ్మా, దాన్ని వాటి వెనక కాళ్ళకు దూరంగా పెట్టుకుంటాను," అని నీళ్ళక్క బక్కెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె చదువు బడిలో జరగలేదు, గుర్రాల దగ్గరా జరగలేదు. ఒక పెద్దాసుపత్రి చాకిరేవులో జరిగింది. అప్పట్లో గుడ్డ కట్లు ఉతికి, ఉడకబెట్టి, ఆరబెట్టి, చుట్టి మళ్ళీ వాడేవారు. తొమ్మిదేళ్ళు ఆ కట్లు ఉతికింది. మనుషుల గాయాలు ఆమె ఒక్కటి కూడా చూడలేదు, వాటి గుడ్డలు మాత్రం వేలల్లో చూసింది. లేత పసుపు మరక వస్తే గాయం మానుతోందని, ఆకుపచ్చగా వచ్చి ముక్కు మూసుకోవలసి వస్తే ఆ వార్డులో ఎవరికో బాగోలేదని, గుడ్డ గాయానికి అంటుకుని పీకినట్టు వస్తే కట్టు మార్చే నర్సుకు తొందరెక్కువని తెలుసుకుంది. పాఠాన్ని వెనక పేజీ నుంచి చదివినట్టు, గాయాల సంగతి ఆమె కట్ల వైపు నుంచి నేర్చుకుంది. ఆసుపత్రివాళ్ళు ఉతుకు పని ఒక కంపెనీకి అప్పగించాక ఇంట్లో కూర్చుంది. అయితే ఆమె ఇంట్లో కూర్చోవడం అంటే ఇంట్లో ఉన్నవాళ్ళకు కష్టం. ఉన్న ఒక్కడూ మొగుడు. ఆయన గుర్రాలకు లాడాలు కొడతాడు. శాలలో లాడాలాయన అంటారు.

"ఏమే, అక్కడ కట్లు కట్టడం ఎవడికీ రావట్లేదు. నువ్వొచ్చి చూడు. కనీసం నా చొక్కాలు మళ్ళీ మళ్ళీ ఉతకడం ఆపుతావు," అన్నాడాయన. అలా వచ్చింది.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా సుత్తులు, పటకార్లు, ఆకురాళ్ళు. వెనక గదిలో గ్యాసు పొయ్యి, దాని పక్కన ఉతికి చుట్టిన కట్ల బుట్ట. పొయ్యి మీద పొద్దున టీ కంటే ముందు నీళ్ళు కాగుతాయి. అరలీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఒక చెంచాడు ఉప్పు, చెంచా మీద కుప్ప లేకుండా. "కన్నీళ్ళంత ఉప్పుండాలి," అంటుందామె. అందులో కవిత్వమేమీ లేదు, అది కొలత. అంతకన్నా ఎక్కువైతే గాయం మండుతుంది. గాయం మండిన గుర్రం రెండోసారి కాలివ్వదు.

శాలలో ఇరవై రెండు గుర్రాలున్నాయి. వాటిని చూసుకునే పెద్ద పనివాడికి నీలిమందు అని పేరు. నలభై దాటిన మనిషి, మంచివాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక నీలిరంగు స్ప్రే డబ్బా ఉంటుంది. గీసుకుంటే నీలిమందు, కమిలితే నీలిమందు, ఈగ వాలితే నీలిమందు. నీళ్ళక్క వచ్చిన కొత్తలో ఇద్దరికీ పొద్దస్తమానం ఇదే గొడవ.

"రంగు కొడితే మందేసినట్టు కనిపిస్తుందక్కా."

"కనిపించేది నీకు తమ్ముడూ. గాయం నాకు కనిపించకుండా పోతుంది."

ఆమె పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. గాయానికి పక్కన కూర్చుంటుంది, ముందూ కాదు, వెనకా కాదు. మోకాళ్ళు నేలకు ఆనించదు, ఎప్పుడు లేవాల్సి వస్తుందో తెలియదు కాబట్టి. చల్లటి నీళ్ళు పావుగంట. చుట్టూ వెంట్రుకలు కత్తిరించే ముందు గాయంలో జిగురు మందు నింపుతుంది, కత్తిరించిన వెంట్రుకలు దానికి అంటుకుని కడిగితే పోతాయని. తరవాత ఉప్పునీళ్ళు. తరవాత శుభ్రమైన మెత్త, దాని మీద బొద్దుగా దూది, దాని మీద కట్టు. కట్టు కిందికి ఒక వేలు దూరాలి. పసుపు, నూనె, బూడిద, పాత ఇంజను ఆయిలు, ఇంకా ఎవరెవరి తాతలు ఏమేం పూసేవారో అవన్నీ ఆవల. గుర్రం మోకాలి కింద కండ లేదు, తోలు బిగుతుగా ఉంటుంది. అక్కడ కెలికిన కొద్దీ దుర్మాంసం లేస్తుంది, గాయం పూడి ఆగకుండా పైకి పొంగి గడ్డలా నిలబడుతుంది. "అందుకే అక్కడ చెయ్యాల్సిన వాటికంటే చెయ్యకూడనివే ఎక్కువ," అంటుంది.

ఇవన్నీ చూసి ఆమెను సిద్ధురాలిని చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు ఆమె కడియం అనే గుర్రాన్ని చూపిస్తుంది. ముదురు గోధుమ రంగు గుర్రం, ఎడమ ముందు కాలికి మోకాలి కింద చుట్టూ తెల్లటి పట్టీ, వెండి కడియం తొడిగినట్టు. యజమాని వచ్చిన వాళ్ళకల్లా అది జాతి లక్షణమని చెప్పేవాడు. ఒకసారి నీళ్ళక్క పక్కనే ఉంది.

"జాతి లక్షణం కాదండీ. నా తప్పు. మొదటి ఏడాది దూది తక్కువేసి కట్టు బిగించాను. నొక్కుకుపోయిన చోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. ఇంకొంచెం బిగిస్తే నరం పోయేది," అంది.

వచ్చినవాళ్ళు వెళ్ళాక యజమాని ముఖం మాడ్చుకున్నాడు. "నోరు మూసుకుని ఉండలేవా?"

"ఉండగలను సార్. కానీ కొత్తగా కట్టు కట్టేవాళ్ళకి చూపించడానికి నాకింకో గుర్రం లేదు."

కడియాన్ని ఆమె దాచలేదు, దాని గురించి కుమిలిపోలేదు. తప్పు అక్కడ నాలుగు కాళ్ళ మీద తిరుగుతోంది, గడ్డి తింటోంది, స్వారీ నేర్చుకునే పిల్లలను మోస్తోంది. ఏ గుర్రానికి కట్టు కట్టినా దాని కింద వేలు పెట్టి చూసుకునే అలవాటు మాత్రం ఆమెకు మిగిలింది.

ఆమెకు రెండే తీర్పులు. గాయం చూసి "ఇది నాది" అంటుంది, లేదా "ఇది నాది కాదు" అంటుంది. నాది కాదంటే గుర్రాల డాక్టరును పిలవాలి. పదకొండేళ్ళలో ఎక్కువ సార్లు మొదటిదే అంది. రెండోది అన్నప్పుడు యజమాని కాస్త సణిగి పిలిచేవాడు. ఎనిమిది నెలల కిందట ఒక మంగళవారం మాత్రం సణుగుడుతో పోలేదు.

ఆ పొద్దున రోడ్డు మీద లారీ టైరు పేలింది. ఆవరణలో వదిలిన గుర్రాలు రెండు బెదిరి కంచె మీదికి ఉరికాయి. కర్ర విరిగింది. నీలిమందు ఫోను చేసేటప్పటికి లాడాలాయన, నీళ్ళక్క టీ తాగుతున్నారు.

"అక్కా, తొందరగా రా. రెండు గుర్రాలు కంచె మీద పడ్డాయి. కడియం కాలు చీరుకుపోయింది. నేలంతా రక్తమే."

ఇద్దరూ వెళ్ళేసరికి కడియం చుట్టూ ఆరుగురు నిలబడి ఆరు సలహాలు ఇస్తున్నారు. ముందు కాలికి మోకాలి పైన జానెడు చీలిక, తోలు వేలాడుతోంది. చూడడానికి భయంగానే ఉంది. నీళ్ళక్క అందరినీ అవతలికి పొమ్మని, మడిచిన శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు అదిమి పట్టుకుంది. రక్తం ఆగింది. తోలు ఎత్తి చూసింది. చీలిక లోతుగా దిగలేదు, కింద కండ ఎర్రగా, గట్టిగా ఉంది. గుర్రం నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడింది.

"ఇది నాది. కుట్లు కావాలంటే సాయంత్రంలోపు వేయించుకోవచ్చు, కంగారు లేదు," అని పైపు తీసుకుంది. పావుగంట తరవాత తల ఎత్తకుండానే అడిగింది: "కంచె మీద పడింది రెండన్నావు. రెండోది ఎవరు?"

"దొరసాని. దానికేం కాలేదక్కా. వెనక కాలికి శనగగింజంత చిల్లు. నీలిమందు కొట్టేశా."

దొరసాని బూడిదరంగు ఆడగుర్రం. శాలలో అన్నిటికంటే ఖరీదైనది, ఆ సంగతి తనకు తెలిసినట్టే నడుస్తుంది. గురువారం దాన్ని కొనడానికి మనుషులు వస్తున్నారు. వాళ్ళిచ్చే డబ్బుతోనే ఏడాది గడ్డి బాకీ తీర్చాలని యజమాని అనుకుంటున్నాడు.

నీళ్ళక్క దాని గది ముందు చేతులు తుడుచుకుంటూ నిలబడింది. లోపలికి వెళ్ళలేదు, ఊరికే చూసింది. గుర్రం వెనక కాలు అరవేసి నిలబడడం మామూలే, గిట్ట కొస నేలకు ఆనించి ఒక తుంటి వాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. కానీ కాసేపటికి కాలు మారుస్తుంది. దొరసాని ఐదు నిమిషాలైనా మార్చలేదు. బయట బక్కెట్టు పడి చప్పుడైనా మార్చలేదు.

లోపలికి వెళ్ళి, చేతి తొడుగులు వేసుకుని, ఉప్పునీళ్ళలో తడిపిన దూదితో చిల్లు చుట్టూ ఉన్న నీలం తుడిచింది. గిట్టకు పైనుండే కీలు, దాని లోపలి వైపు. నిజంగానే శనగగింజంత. అందులోంచి ఒక చుక్క వచ్చింది. లేత పసుపు, నూనెలా. ఆమె ఆ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా విడదీసింది. అది తెగలేదు. సన్నటి తీగలా సాగింది.

నాలుగేళ్ళ కిందట ఒక గుర్రం తన్నితే లాడాలాయన మోకాలు కుమ్మరి కుండంత అయింది. డాక్టరు సూదితో అందులోని నీరు తీసి, ఒక చుక్క వేళ్ళ మధ్య సాగదీసి చూపించాడు. కీలులో ఉండే నూనె ఇది, ఇలా సాగుతుంది అన్నాడు. మామూలు గాయంలో ఊరే నీరు సాగదు, ఇట్టే తెగిపోతుంది. చాకిరేవులో నేర్చుకోనిది ఆమె మొగుడి మోకాలి దగ్గర నేర్చుకుంది.

"ఇది నాది కాదు," అంది.

నీలిమందు నమ్మలేకపోయాడు. "అదేంటక్కా. అంత పెద్దది నీదై, ఇంత చిన్నది నీది కాదా?"

"అది కండ మీద ఉంది. ఇది కీలు మీద. గాయం ఎంత అని అడక్కు తమ్ముడూ, ఎక్కడ అని అడుగు."

అప్పటికి యజమాని వచ్చాడు. విషయం విని, వంగి చిల్లు చూసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇదా? దీనికి డాక్టరెందుకు? డాక్టరొస్తే కాగితం రాస్తుంది. కాగితముంటే కొనేవాళ్ళకు చూపించాలి. ఓ పావుగంట నీళ్ళు పోసి, చిన్న కట్టు కట్టు."

"పొయ్యను సార్."

ఆమె నోటి నుంచి ఆ మాట అక్కడెవరూ వినలేదు.

"నీళ్ళు పొయ్యవా? నువ్వా?"

"పైపు పెడితే మురికిని కీలులోకి నెట్టినట్టవుతుంది. నేను మెత్త పెట్టి కప్పుతాను. అంతే."

"రెండు రోజులు. గురువారం సాయంత్రం పిలుద్దాం. ఈలోపు ఏమైపోతుంది?"

"ఈ రాత్రికి లోపల చీము పడుతుంది. రేపు కాలు కింద పెట్టదు. గురువారానికి మీరు కొనేవాళ్ళకు ఫోను చెయ్యరు, దాని కళేబరాన్ని తీసుకుపోయే బండికి చేస్తారు."

యజమాని ముఖంలో కోపం, లెక్కలు రెండూ కనిపించాయి. "ఏమీ లేదని తేలితే? అమ్మకం పోతుంది. నువ్వు కడతావా?"

"అమ్మకం నేను కట్టలేను. డాక్టరు వచ్చినందుకయ్యే ఫీజు నేను కడతాను. అప్పుడు పిలవచ్చా?"

"ఏమీ లేదని తేలితే రేపట్నుంచి పనికి కూడా రానక్కర్లేదు."

"సరే," అంది.

లాడాలాయన సుత్తి పక్కన పెట్టి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఏమే, ఆ ఫీజు మన వారం సంపాదన," అన్నాడు.

"తెలుసు."

"పని కూడా పోతుందంటున్నాడు."

"విన్నాను."

"నీకు తెలిస్తే సరే," అని ఆయన వెళ్ళి మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెను ఆపడానికి ఆయన చేసిన ప్రయత్నాలన్నీ ఇంత పొడుగే.

ఆమెకు భయం లేదంటే అబద్ధం. మెత్త పెట్టి కప్పాక చేతి తొడుగుల వైపు మరోసారి చూసుకుంది. పొరపాటు పడ్డానా అనుకుంది. తీగ సాగింది. కాలు మార్చలేదు. రెండూ లెక్కేసుకుంది, లెక్క మారలేదు. ఇక గడ్డి గదిలో కూర్చుని కట్లు చుట్టుకుంది.

డాక్టరు నలభై నిమిషాల్లో వచ్చింది. ముప్పై ఏళ్ళ పిల్ల, చేతులు మాత్రం తొందరపడవు. మొదట అడిగింది, "దీని మీద ఏం పోశారు?"

"నేనేమీ పొయ్యలేదు డాక్టరమ్మా. నీలిరంగు మాత్రం ముందే పడింది. చుట్టూ తుడిచాను, లోపల ముట్టుకోలేదు."

నీలిమందు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

డాక్టరు గుర్రానికి మత్తిచ్చింది. చిల్లు ఉన్న వైపు కాదు, కీలుకు అవతలి వైపు వెంట్రుకలు గీసి, శుభ్రం చేసి, సూది దింపింది. "ఇటునుంచి మందునీళ్ళు ఎక్కిస్తాను. చిల్లు కీలులోకి దిగకపోతే నీళ్ళు లోపలే నిలుస్తాయి. దిగితే అటునుంచి వస్తాయి. చిల్లు చూస్తూ ఉండండి."

అందరూ శనగగింజంత చిల్లు చుట్టూ వంగారు. నీళ్ళక్క వంగలేదు. ఆమె యజమాని బూట్లు చూస్తోంది. డాక్టరు సిరంజి నొక్కింది. మూడు లెక్కపెట్టేలోపు చిల్లులోంచి సన్నటి ధార చిమ్మి, సరిగ్గా ఆ బూట్ల మీద పడింది.

యజమాని ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు.

"ఇంకో రోజు ఆగి ఉంటే నేను రావడం దండగ," అంది డాక్టరు. "ఇప్పుడే ఆసుపత్రికి తరలించండి."

దొరసాని పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఐదు నెలలకు మళ్ళీ పిల్లలను ఎక్కించుకుంది. ఆ గురువారం అమ్మకం జరగలేదు. గడ్డి బాకీ వేరే దారిలో తీరింది, అది యజమాని గొడవ. ఇప్పుడాయన వచ్చిన వాళ్ళకు, "మేం వెంటనే డాక్టరును పిలిచాం," అని చెబుతున్నాడు. ఆ 'మేం'ను నీళ్ళక్క సరిదిద్దలేదు. మెచ్చుకోళ్ళు పంచుకోవడంలో ఆమెకు పేచీ లేదు, తప్పులు పంచడమే ఇష్టం ఉండదు. నీలిమందు డబ్బా మానలేదు కానీ, కొట్టే ముందు ఫోను చేస్తున్నాడు. "అక్కా, ఫలానా చోట," అంటాడు. ఎంత ఉందో తరవాత చెబుతాడు.

ఆసుపత్రి బిల్లు వచ్చిన రోజు యజమాని దాన్ని ఆఫీసు గదిలో రెండుసార్లు చదివాడు. నీళ్ళక్క ఉతికిన కట్లు లెక్కరాయించడానికి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంతా? అసలు ఏం చేశారు లోపల?" అన్నాడు గుమాస్తాతో.

గుమాస్తా వివరం చదివాడు. కీలు కడుగుట, ఉప్పునీళ్ళు, పన్నెండు లీటర్లు.

"నీళ్ళు పోసినందుకే కదండీ సార్," అంది నీళ్ళక్క.

గుమాస్తా దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. యజమాని ఆమె వైపు చూడకుండా బిల్లు కట్టాడు, ఆ మధ్యాహ్నమే, పూర్తిగా. ఆ రోజు డాక్టరు శాలకు వచ్చినందుకు అయిన ఫీజు మాత్రం అందులో లేదు. దాన్ని మంగళవారం నాడే నీళ్ళక్క తన సంచిలోంచి తీసి కట్టేసింది. యజమానికి గుర్తుచేస్తే, "రాసిపెట్టుకో, ఇద్దాం," అన్నాడు. రాసిపెట్టుకుంది, కట్ల బుట్ట మూత లోపలి వైపు.

"దానికి నీళ్ళొదులుకోవే," అంటాడు లాడాలాయన అప్పుడప్పుడు.

"నీళ్ళు ఎక్కడ వదలాలో నాకు తెలుసులేవయ్యా," అంటుందామె.

మూడు వేల రెండు వందలు. ఎనిమిది నెలలైంది, ఇంకా రాలేదు.